పొమ్మనలేక... ఏఐ పొగ!

ఉద్యోగం పోవడం ఎప్పుడూ ఒకటే. దానికి పెట్టే పేరే కాలాన్ని బట్టి మారుతుంటుంది. బట్టల మిల్లులు మూతపడిన రోజుల్లో దాన్ని 'రిట్రెంచ్‌మెంట్' అన్నారు. 2000 సంవత్సరంలో బ్యాంకులు 'వీఆర్ఎస్' అన్నాయి. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలినప్పుడు 'పింక్ స్లిప్' అనే మాట మన పల్లెటూరి రచ్చబండ దాకా వచ్చింది. ఆ తర్వాత 'రైట్ సైజింగ్' అన్నారు, 'రీస్ట్రక్చరింగ్' అన్నారు. ఇప్పుడు అంత పెద్ద మాటలు అక్కర్లేదు. రెండే అక్షరాలు... ఏఐ!

కృత్రిమ మేధ వచ్చింది, మనిషితో పని తీరింది. వినడానికి ఎంత సాఫీగా ఉందో! యాజమాన్యం మీద కోపం తెచ్చుకోవచ్చు కానీ యంత్రం మీద ఎవరు తెచ్చుకుంటారు? వానొస్తే తడిసినట్టే ఇదీననుకుని గొడుగు వెతుక్కోవడమే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వాన నిజంగా మబ్బుల్లోంచి పడుతోందా, పైఅంతస్తులోంచి ఎవరైనా నీళ్లు గుమ్మరిస్తున్నారా?

కారణం ఒకటి... మాటలు మూడు

2025 జులైలో టీసీఎస్ ఒక ప్రకటన చేసింది. ఆ ఆర్థిక సంవత్సరంలో సిబ్బందిలో 2 శాతాన్ని తగ్గించుకుంటామని. 2 శాతమంటే చిన్నదే అనిపిస్తుంది. కానీ అప్పటికి ఆ కంపెనీలో 6 లక్షల 13 వేల మంది ఉన్నారు. లెక్కేస్తే 12 వేల పైచిలుకు కుటుంబాలు! అందులోనూ ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లే. దేశమంతా 'ఏఐ దెబ్బ' అంది. కంపెనీ సీఈఓ కృతివాసన్ మాత్రం కాదన్నారు. ఏఐ వల్ల పని తగ్గి కాదు, కొందరి నైపుణ్యాలకు తగిన పని చూపలేక పోవడం వల్లేనన్నారు. సెప్టెంబరు ఆఖరుకి సంస్థ సిబ్బంది 5 లక్షల 93 వేలకు దిగింది.

అమెజాన్ కథ ఇంకా చిత్రం. ఏఐ వల్ల రాబోయే కొన్నేళ్లలో కార్యాలయ సిబ్బంది తగ్గుతారని 2025 జూన్‌లో సీఈఓ ఆండీ జాస్సీ స్వయంగా ఉద్యోగులకు రాశారు. అక్టోబరులో 14 వేల ఉద్యోగాల కోత ప్రకటించారు. అందరూ అనుకున్నదే జరిగిందనుకునేలోపు ఆయనే మరోమాట చెప్పారు. ఈ కోతకు కారణం డబ్బూ కాదు, ఇప్పటికిప్పుడు ఏఐ కూడా కాదు, సంస్థ 'సంస్కృతి' అని! అంచెలు ఎక్కువైపోయాయట. 2026 జనవరిలో మరో 16 వేలు. మూడు నెలల తేడాలో మొత్తం 30 వేలు.

ఆ అంచెలు ఎలా పెరిగాయో కూడా చూడాలి. 2019 చివర్లో అమెజాన్‌లో గిడ్డంగులతో సహా 8 లక్షల మంది ఉండేవారు. కరోనా కాలంలో జనం ఇంట్లో కూర్చుని అన్నీ ఆన్‌లైన్లో కొనేసరికి 2021 చివరికి 16 లక్షలయ్యారు. రెండేళ్లలో రెట్టింపు! మన దగ్గరా అదే వరస. 2021-22 ఒక్క ఏడాదిలో టీసీఎస్ నికరంగా లక్షకు పైగా మందిని చేర్చుకుంది. అప్పుడు కాలేజీ గేటు దగ్గర కాపు కాసి మరీ తీసుకున్నారు. రెట్టింపు జీతాలిచ్చి పక్క కంపెనీ నుంచి లాక్కున్నారు. తర్వాత వడ్డీరేట్లు పెరిగాయి, అమెరికా కంపెనీలు కొత్త ప్రాజెక్టులు ఇవ్వడం తగ్గించాయి. ఎక్కువ తీసుకున్నది ఎవరో, ఆ లెక్క తప్పింది ఎవరిదో అందరికీ తెలుసు. మూల్యం మాత్రం మరొకరిది.

ఖాళీగా మిగిలిన గడి

నిజం ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిన్న ముచ్చట ఒకటుంది. అమెరికాలో వందమంది లేదా అంతకుమించి పనిచేసే కంపెనీ పెద్దసంఖ్యలో ఉద్యోగులను తీసేయాలంటే 60 రోజుల ముందు నోటీసివ్వాలి. 1988 నాటి 'వార్న్' చట్టం అది. న్యూయార్క్ రాష్ట్రం ఇంకాస్త గట్టిది, 90 రోజులు అడుగుతుంది. 2025 మార్చిలో ఆ రాష్ట్రం నోటీసు ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చింది. 'ఈ కోతకు ఆటోమేషన్ గానీ ఏఐ గానీ కారణమా?' అయితే టిక్కు పెట్టండి అని.

తొలి నెలల్లో వందల నోటీసులొచ్చాయి. ఒక్క కంపెనీ కూడా టిక్కు పెట్టలేదు!

వాటాదారుల సమావేశంలో ఏఐ. పత్రికల ముందు ఏఐ. సర్కారు కాగితం మీద సంతకం పెట్టేచోట మాత్రం ఏఐ మాయం. అమెరికాలో ఉద్యోగాల కోతను లెక్కగట్టే ఛాలెంజర్ సంస్థ చిట్టా చూసినా ఇదే తేలుతుంది. 2025లో అక్కడి సంస్థలు ప్రకటించిన కోతలు 12 లక్షలకు పైనే. అందులో ఏఐ కారణమని చెప్పినవి దాదాపు 55 వేలు. నూటికి అయిదు కూడా కాదు. ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ ఉద్యోగాలు తీసింది యంత్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వ ఖర్చు తగ్గించడానికి పెట్టిన 'డోజ్'.

మరి ఏఐకి ఏ పాపమూ తెలియదా అంటే... తెలుసు. కాకపోతే అది వచ్చే దారి వేరు.

జీతం డబ్బులు చిప్పుల్లోకి

మైక్రోసాఫ్ట్ 2025లో 15 వేలమందికి పైగా ఉద్యోగులను తీసేసింది. నష్టాల్లో ఉండి కాదు. ఆ జూన్‌తో ముగిసిన ఏడాదిలో సంస్థ లాభం 10 వేల కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది ఏఐ డేటా సెంటర్ల మీద 8 వేల కోట్ల డాలర్లు పెడతామని చెప్పింది. మన రూపాయల్లో దాదాపు 7 లక్షల కోట్లు! సంస్థ ఇంత బాగా నడుస్తుంటే మనుషులను ఎందుకు పంపుతున్నామన్న ప్రశ్న తన మనసును బరువెక్కించిందని సత్య నాదెళ్ల జులైలో ఉద్యోగులకు రాసిన లేఖలో ఒప్పుకొన్నారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన మనవాడే.

లెక్క సూటిగానే ఉంది. చిప్పులు కొనక తప్పదు. భవనాలు కట్టక తప్పదు. కరెంటు బిల్లు ఆపలేరు. వాటాదారులకు చూపాల్సిన లాభం తగ్గకూడదు. ఇక పెద్ద పద్దుల్లో కోయడానికి వీలైనది ఒక్కటే... జీతాలు. అంటే చాలాచోట్ల ఏఐ ఇంకా మనిషి పని చేయడం లేదు. మనిషి జీతం మాత్రం ముందే తీసేసుకుంటోంది.

యంత్రం నిజంగానే పని అందుకున్న చోట్లూ ఉన్నాయి. ఫోన్లో ఫిర్యాదులు వినే పని అందులో మొదటిది. కస్టమర్ సపోర్టులో 9 వేలమంది చేసే పనికి 5 వేలమంది సరిపోతున్నారని సేల్స్‌ఫోర్స్ అధిపతి మార్క్ బెనియాఫ్ 2025లో చెప్పారు. ఐబీఎం సీఈఓ అరవింద్ కృష్ణ... ఈయనా తెలుగువారే... మానవ వనరుల విభాగంలో రెండొందల మంది దాకా చేసే పని ఏఐకి అప్పగించామన్నారు. వెంటనే ఇంకో మాటా చెప్పారు. అలా మిగిలిన డబ్బుతో ప్రోగ్రామర్లను, అమ్మకాల సిబ్బందిని తీసుకున్నామని, మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరిగిందని. మిగిలిన డబ్బు ఎటు పోవాలో నిర్ణయించేది యంత్రం కాదు, మనిషే!

తొందరపడి నాలిక్కరుచుకున్న వాళ్లూ లేకపోలేదు. స్వీడన్‌కు చెందిన క్లార్నా అనే సంస్థ తమ చాట్‌బాట్ 700 మంది పని చేసేస్తోందని 2024లో ఘనంగా చెప్పుకొంది. ఏడాది తిరిగేసరికి సేవల్లో నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్లీ మనుషుల కోసం వెతికింది. ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ బ్యాంకు 2025 జులైలో ఫోన్లో మాట్లాడే ఏఐని పెట్టి 45 మంది కాల్‌సెంటర్ ఉద్యోగులు అక్కర్లేదంది. తీరా చూస్తే కాల్స్ తగ్గలేదు, పెరిగాయి. ఉద్యోగుల సంఘం పట్టుబట్టింది. నెల తిరక్కుండానే బ్యాంకు పొరపాటైందని చెప్పి నిర్ణయం వెనక్కి తీసుకుంది. అక్కడ అడిగేవాళ్లున్నారు కాబట్టి తప్పు బయటపడింది.

పిరమిడ్ నడుం విరిగింది

మన ఐటీ సేవల వ్యాపారమంతా ఒక పిరమిడ్. కింద వేలమంది కొత్త పిల్లలు, నడుమ వాళ్ల చేత పని చేయించే లీడ్లు, మేనేజర్లు, పైన కొద్దిమంది. అమెరికా క్లయింటు తలకింత, గంటకింత అని లెక్కగట్టి డబ్బిస్తాడు. ఏఐ సాయంతో ఆరుగురి పని అయిదుగురు చేస్తారని తెలిసిన రోజున ఆ క్లయింటు ఊరుకుంటాడా? 'ఆరో మనిషి డబ్బులు నేనెందుకివ్వాలి?' అంటాడు. ఆ బేరం ఇప్పుడు ప్రతి కాంట్రాక్టులోనూ నడుస్తోంది.

దాంతో అందరికన్నా ఇరుకున పడింది నడుమనున్న మనిషి. పదిహేనేళ్ల అనుభవం. జీతం పెద్దది. స్వయంగా కోడ్ రాసి పదేళ్లయింది. కొంతకాలం ప్రాజెక్టు లేకపోతే 'బెంచ్' మీద కూర్చోవడం ఒకప్పుడు మామూలే. టీసీఎస్ 2025 జూన్ నుంచి ఏడాదిలో కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లయ్యే పనిలో ఉండాలని, బెంచ్ మీద 35 రోజులు మించకూడదని నిబంధన పెట్టింది. నలభై దాటినవాడు నెల రోజుల్లో కొత్త విద్య నేర్చి కొత్త ప్రాజెక్టు వెతుక్కోవాలి. ఇంటి వాయిదా, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు... అన్నీ మీద పడేదీ ఆ వయసులోనే.

తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 9 లక్షల పైచిలుకు. వాళ్ల జీతాల మీద బతికే ఆటోలు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, పనిమనుషుల లెక్క దీనికి అదనం. కూకట్‌పల్లిలో ఒక జీతం ఆగితే గుంటూరు జిల్లాలో ఒక ఇంటి అప్పు వాయిదా ఆగుతుంది.

'మీరే రాసిచ్చేయండి'

ఇక పొగ సంగతి. పొమ్మనలేక పొగబెట్టడమనే సామెత పుట్టినప్పుడు హెచ్‌ఆర్ విభాగాలు లేవు. ఉంటే ఆ సామెతకు సొంతదారులం మేమేననేవి. మన దేశంలో ఉద్యోగిని తీసేయడం తక్కువ. ఉద్యోగి చేత రాజీనామా చేయించడం ఎక్కువ. ఒక మధ్యాహ్నం మీటింగుకి పిలుస్తారు. 'పనితీరు బాగాలేదని రాస్తే మీకే ఇబ్బంది. మీరే రాసిచ్చేస్తే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం' అంటారు. సాయంత్రానికి ల్యాప్‌టాప్ తెరుచుకోదు.

ఆ రెండు వాక్యాల రాజీనామాలో ఏం పోతుందో చాలామందికి తెలియదు. 2025 నవంబరు 21 నుంచి మన దేశంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఉండేది. రెండింటిలోనూ మూలసూత్రం ఒకటే. ఏడాది పాటు నిరంతరంగా పనిచేసిన కార్మికుణ్ని తొలగించాలంటే నెల ముందు నోటీసు లేదా ఆ నెల జీతం, పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. కొత్త కోడ్‌లో మరొకటి చేర్చారు. తొలగించిన కార్మికుడు వేరే పని నేర్చుకోవడానికి యజమాని మరో 15 రోజుల వేతనం నిధికి కట్టాలి. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 'కార్మికుడు' అవుతాడా? చాలామంది కాదనుకుంటారు. చట్టం చూసేది హోదా పేరును కాదు, చేసే పనిని. సాంకేతిక పని స్వయంగా చేసేవారు ఆ నిర్వచనంలోకి వస్తారు. మేనేజరు పనిచేసేవారు రారు. 18 వేల రూపాయలకు మించిన వేతనంతో పర్యవేక్షణ చేసేవారూ రారు. 'మేనేజర్' అన్న బిళ్ల మెడలో ఉన్నా రోజంతా కోడ్ రాసే వ్యక్తి ఏ కోవలోకి వస్తాడన్నది కేసును బట్టి తేలాల్సిందే. కానీ రాజీనామా మీద సంతకం పెట్టేశాక తేల్చడానికి మిగిలేది చాలా తక్కువ. తనంతట తాను మానేసిన వాడికి తొలగింపు పరిహారం ఉండదు. ప్రభుత్వానికి నోటీసూ వెళ్లదు. లెక్కల్లో ఆ ఉద్యోగం 'పోయినట్టే' కనిపించదు. అమెరికాలో కనీసం టిక్కు పెట్టని గడి అయినా ఉంది. ఇక్కడ గడీ లేదు, ఫారమూ లేదు.

అరవై రోజుల గడియారం

సముద్రం అవతల తెలుగు కుటుంబాలది ఇంకో కష్టం. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. ఆలోపు కొత్త కంపెనీ దొరకాలి, వీసా స్థితి మార్చుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. 2017 జనవరి నుంచి ఉన్న నిబంధన ఇది. అంతకుముందు ఆ మాత్రం గడువూ లేదు. హెచ్1బీ ఆమోదాల్లో నూటికి 70కి పైగా భారతీయులవే. అందులో మనవాళ్ల వాటా ఎంతటిదో డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ కూరగాయల దుకాణానికెళ్తే తెలుస్తుంది. అక్కడ పుట్టిన పిల్లాడు బడి మధ్యలో ఉంటాడు, ఇల్లు అప్పులో ఉంటుంది. ఇక్కడ తల్లిదండ్రులకు ఫోన్లో మాత్రం 'అంతా బాగానే ఉంది' అని వినిపిస్తుంది.

బ్యాంకులు చెప్పిన పాఠం

యంత్రం వచ్చినప్పుడల్లా మనిషి ఇలాగే వీధిన పడాలని రాసిపెట్టి లేదు. మన బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చిన తీరు చూడండి. 1983లో యాజమాన్యాలూ యూనియన్లూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 1984లోనూ 1989లోనూ సి.రంగరాజన్ కమిటీలు ఏ దశలో ఏం చేయాలో చెప్పాయి. ఆ రంగరాజనే తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరై, 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. ఆ మార్పు నెమ్మదిగా సాగిందని విసుక్కున్నవాళ్లున్నారు. కానీ లెడ్జరు రాసిన చేతులే కీబోర్డు నేర్చుకునే వ్యవధి దొరికింది.

2000-01లో సిబ్బంది ఎక్కువైపోయారనుకున్నప్పుడు ప్రభుత్వ బ్యాంకులు వీఆర్ఎస్ తెచ్చాయి. పనిచేసిన ప్రతి సంవత్సరానికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు జీతం, ఏది తక్కువైతే అది. లక్షమందికి పైగా తీసుకున్నారు. అందులోనూ ఇష్టంలేని ఇష్టం ఉండే ఉంటుంది. కానీ ఎవరికెంత వస్తుందో కాగితం మీద ఉంది. ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని లెక్కేసుకునే సమయం ఉంది. సాయంత్రానికి గేటు మూసుకోలేదు.

ఇంటిపట్టున చేయాల్సినవి

ఉద్యోగం ఉన్నప్పుడే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్నున్నాయి. రాజీనామా చేయమన్న రోజే సంతకం పెట్టనక్కర్లేదు. 'ఆలోచించుకుని చెబుతాను, ఈ మాట మెయిల్లో పంపండి' అనడం నేరం కాదు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, పనితీరు నివేదికలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే అవి లేనట్టే. అయిదేళ్లు దాటిన వారికి గ్రాట్యుటీ హక్కు, దయ కాదు. రాజీనామా చేసినా వస్తుంది.

అన్నిటికన్నా ముందు మర్చిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. అమ్మానాన్నల పేర్లు అందులోనే ఉంటాయి. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, కానీ అది ముగిసేలోపే అడగాలి. ఇంటిరుణం వాయిదా తప్పాక బ్యాంకుకు వెళ్లడం కన్నా తప్పేలా ఉందనగానే వెళ్లడం మేలు.

డబ్బుతో పని లేనిది మరొకటుంది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచి, రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికెళ్లే మగవాళ్లు ప్రతి మాంద్యంలోనూ కనిపిస్తారు. పరువు పోతుందని భయం. ఊళ్లో 'మా వాడు సాఫ్ట్‌వేర్' అని చెప్పుకున్న తండ్రి ముఖం గుర్తొస్తుంది. చెల్లెలి పెళ్లి సంబంధం గుర్తొస్తుంది. 12 వేలమందిని ఒక్క ప్రకటనతో వద్దన్నప్పుడు అందులో ఒకరి చేతకానితనం ఎంతుంటుంది? ఆ మాట ఇంట్లోవాళ్లు అనగలిగితే సగం బరువు దిగిపోతుంది. కౌన్సెలింగులో కంప్యూటర్ సైన్స్ సీటు కోసం ఎగబడే తల్లిదండ్రులు కూడా ఒకటి గమనించాలి. పడిపోయింది చదువు విలువ కాదు, ఒక్క ఉద్యోగం జీవితాంతం ఉంటుందన్న నమ్మకం.

సర్కారు చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఇంతమందికి పైగా ఉద్యోగులు ఒకే త్రైమాసికంలో 'స్వచ్ఛందంగా' మానేస్తే కారణం చెప్పమని కంపెనీని అడగడం. న్యూయార్క్ లాగా ఫారంలో ఒక గడి పెట్టడం. టిక్కు పెట్టినా పెట్టకపోయినా కింద ఒక సంతకం ఉంటుంది. ఏఐ నిజంగానే ఉద్యోగాలు తీసేస్తుంటే ఎక్కడ, ఎంత, ఎవరివి అన్నది తెలుస్తుంది. వాళ్లకు ఏం నేర్పాలో, ఎవరి డబ్బుతో నేర్పాలో తేల్చుకోవచ్చు. తీయకపోతే ఆ పేరు చెప్పి తప్పించుకునే వీలు పోతుంది.

పొగ కనబడుతోంది కాబట్టి మంట ఉండే ఉంటుందని అనుకోవడం పాత అలవాటు. ఆ మంట దానంతటది అంటుకుందా, ఎవరైనా అంటించారా అన్నది అడగాల్సిన ప్రశ్న. అడగకపోతే అన్ని ఇళ్లలోకీ పొగ వస్తుంది, జవాబు మాత్రం ఎవరూ చెప్పరు.